స్టీరింగ్ బరువెక్కితే ముందు దేన్ని అనుమానించాలి?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా కారు నిలిపే చోటు రెండు పిల్లర్ల మధ్య ఉంటుంది. బయటికి తీయాలంటే కొంచెం వెనక్కి వచ్చి ఎడమకి ఫుల్ కట్, ముందుకి వెళ్లి కుడికి ఫుల్ కట్, మళ్లీ వెనక్కి. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతటవే తిరిగిపోతాయి. ఒక డిసెంబర్ పొద్దున మొదటి కట్ దగ్గరే స్టీరింగ్ మొండికేసింది. రెండు చేతులూ వేసి గుంజితే పావు చుట్టు తిరిగింది. స్పీడో మీటరు పక్కన స్టీరింగ్ బొమ్మ, దానితోపాటు ఆశ్చర్యార్థకం గుర్తు పసుపు రంగులో వెలిగాయి. వాచ్‌మన్ దగ్గరికొచ్చి తొంగిచూసి, "పవర్ పోయినట్టుంది సార్" అన్నాడు.

రెండు రోజుల్లో మూడు తీర్పులు వచ్చాయి. టైర్ల షాపతను అలైన్‌మెంట్ అన్నాడు. తెలిసిన షెడ్డులో బండి కింద దూరి చూసిన కుర్రాడు రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి ముందు చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ) పోయిందన్నాడు. ఒక పెద్ద వర్క్‌షాపులో స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి దిగే రాడ్డు, దాని మీదున్న సామాను) మొత్తం మార్చాలని, పన్నులతో కలిపి 38 వేలవుతుందని కాగితం రాసిచ్చారు. ముగ్గురిలో ఎవరూ మోసగాళ్లు కారు. ఎవరికి అలవాటైన జబ్బు వాళ్లు చెప్పారు, అంతే. చివరికి తప్పు ఎక్కడ తేలిందో ముందుముందు చెబుతాను. అంతకన్నా ముందు ఈ 'పవర్' ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అది తెలియకుండా చేయించే రిపేరు చీకట్లో రాయి విసిరినట్టే ఉంటుంది.

మన కష్టాన్ని కొలిచే కడ్డీ

ఇంజిన్ బరువు చాలావరకు ముందు చక్రాల మీదే పడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే టైరు ఆ బరువు కింద నలుగుతూ, నేలని రాసుకుంటూ పక్కకి తిరగాలి. అంబాసిడర్లు, పాత జీపులు నడిపినవాళ్లకి ఆ రాపిడి ఎంతో భుజాలకి తెలుసు. అందుకే ఆ బండ్లకి స్టీరింగ్ పెద్దదిగా ఉండేది, ఈ చివర నుంచి ఆ చివరకి చుట్లు కూడా ఎక్కువే. "బండిని కాస్త కదలనిచ్చి తిప్పు" అని పాత డ్రైవర్లు ఇప్పటికీ అంటుంటారు. చక్రం దొర్లుతున్నప్పుడు రాపిడి బాగా తగ్గిపోతుంది. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి కూడా అది మంచి అలవాటే.

ఈ కష్టం తప్పించడానికి అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు 1926లో పియర్స్ యారో కారుకి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్ అమర్చి చూపించాడు. జనం కొనే కార్లలోకి అది రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో మార్కెట్లోకి వచ్చింది. ఆయిల్ అక్కర్లేకుండా కరెంటు మోటారుతో నడిచే రకాన్ని 1988లో జపాన్‌లో సుజుకి తన చిన్న కారు సెర్వోలో పెట్టింది. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి ఆ రెండో రకమే ఉంది.

రెండు రకాల్లోనూ అసలు కిటుకు ఒకటే. స్టీరింగ్ నుంచి కిందికి దిగే రాడ్డులో ఒకచోట సన్నని స్ప్రింగు ఉక్కు కడ్డీ ఉంటుంది. టార్షన్ బార్ అంటారు. మీరు స్టీరింగ్ తిప్పితే చక్రం వెంటనే కదలదు, మధ్యలో ఈ కడ్డీ రవ్వంత మెలి తిరుగుతుంది. తేలిగ్గా తిరిగే చోట మెలి తక్కువ, కష్టమైన చోట ఎక్కువ. అంటే ఆ క్షణంలో మీరెంత కష్టపడుతున్నారో ఆ కడ్డీ కొలుస్తోందన్నమాట. ఆయిల్ రకంలో ఆ మెలి ఒక వాల్వును తెరుస్తుంది, పంపు నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ రాక్‌ని ఆ పక్కకి నెడుతుంది. కరెంటు రకంలో ఒక సెన్సర్ ఆ మెలిని కొలిచి చిన్న కంప్యూటర్‌కి చెబుతుంది, మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో అది లెక్క వేస్తుంది.

కాబట్టి పవర్ స్టీరింగ్ మీకు బదులుగా బండిని తిప్పదు, మీరు తోసే వైపు తనూ ఒక చెయ్యి వేస్తుంది. మీ చేతికీ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీల బంధం దాదాపు అన్ని కార్లలోనూ ఉంటుంది. పవర్ పోతే ఆ సాయం మాత్రమే పోతుంది, స్టీరింగ్ పోదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. సాయం ఎలాగూ ఉంటుంది కదా అని కంపెనీలు స్టీరింగ్‌ని చిన్నది చేశాయి, చుట్లు తగ్గించాయి, టైర్లు వెడల్పు చేశాయి. అందుకే పవర్ పోయిన కొత్త కారు, అసలు పవరే లేని పాత కారుకన్నా మొండిగా ఉంటుంది. మొదటిసారి అనుభవమైతే "స్టీరింగ్ లాక్ అయిపోయింది" అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలాసార్లు అది లాక్ కాదు.

మీ బండిది ఏ రకమో తెలుసుకోవాలంటే బోనెట్ ఎత్తి చూడండి. మూత మీద స్టీరింగ్ బొమ్మో, పవర్ స్టీరింగ్ అన్న అక్షరాలో ఉన్న చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే అది ఆయిల్ రకం. సుమో, బొలెరో, పాత స్కార్పియో, ఇన్నోవా లాంటి బరువైన డీజిల్ బండ్లలో అదే ఉంటుంది. డబ్బా లేకపోతే దాదాపుగా కరెంటు రకమే. కొన్ని యూరప్ కార్లలో ఆయిలే ఉంటుంది గానీ పంపుని ఇంజిన్ బెల్టు కాకుండా కరెంటు మోటారు తిప్పుతుంది. వాటికి ఆయిల్ జబ్బులు, కరెంటు జబ్బులు రెండూ వస్తాయి.

పానా పట్టకముందు

స్టీరింగ్ బరువైందని షెడ్డుకి వచ్చే బండ్లలో కొన్నింటికి పవర్ స్టీరింగ్‌లో ఏ లోపమూ ఉండదు. ముందు టైర్లలో గాలి తక్కువ ఉంటుంది. నవ్వొచ్చేంత చిన్న విషయం, కానీ నేనే ఒకసారి పంక్చర్ షాపుకి వెళ్లకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లి పరువు పోగొట్టుకున్నాను. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, చిన్న కార్లకి సాధారణంగా 30 నుంచి 33 పీఎస్‌ఐ మధ్య రాసి ఉంటుంది. దానికన్నా ఐదారు తగ్గితే చేతికి తేడా తెలుస్తుంది. లుక్ కోసం వెడల్పాటి టైర్లు వేయించిన మర్నాటి నుంచి బరువైతే కారణం వెతకనక్కర్లేదు.

గాలి సరిగ్గానే ఉంటే రెండో పరీక్ష జాకీతో. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని రెండు చక్రాలూ నేల వదిలేలా ఎత్తించండి. స్టాండ్లు పెట్టకుండా కిందికి మాత్రం దూరొద్దు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి స్టీరింగ్ తిప్పి చూడండి. గాల్లో చక్రాలు మెత్తగా, ఒకే తీరుగా తిరిగితే ఇనుప సామానులో బిగుతు లేదు, సాయం అందడం లేదని అర్థం. గాల్లో కూడా ఎక్కడో ఒకచోట పట్టేస్తుంటే చాలావరకు తప్పు పంపుదీ మోటారుదీ కాదు. స్టీరింగ్ రాడ్డు మధ్యలో మడత కీలులా ఉండే జాయింటు ఎండిపోయి ఉండొచ్చు, స్ట్రట్ (ముందు చక్రం కుదుపుని తట్టుకునే షాక్ అబ్జార్బర్ కడ్డీ) పైన బేరింగ్ అరిగి ఉండొచ్చు, బాల్ జాయింట్ బిగుసుకుని ఉండొచ్చు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రాకుండా మధ్యలో ఆగిపోతున్నా ఇవే అనుమానితులు. ఈ పావుగంట పరీక్ష చేయకుండా రాక్ మార్చమనే మెకానిక్‌ని నేను నమ్మను.

ఇంకో పరీక్షకి ఏ సామానూ అక్కర్లేదు. బండి నేల మీదే ఉండగా, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి స్టీరింగ్‌ని ఒక పక్కకి గట్టిగా నెట్టి పట్టుకోండి. అలా పట్టుకునే స్టార్ట్ చేయండి. ఇంజిన్ అందుకోగానే చేతి కింద స్టీరింగ్ మెత్తబడి ఆ పక్కకి జారాలి. జారకపోతే సాయం అందడం లేదు.

ఆయిల్ రకం: చెవికి వినిపించే జబ్బులు

ఆయిల్ పవర్ స్టీరింగ్‌లో పాడవబోయే ముందు ఏదో ఒక చప్పుడు వస్తుంది. పంపు గట్టిగా పనిచేసేటప్పుడు లోపలి ఒత్తిడి వెయ్యి, పదిహేను వందల పీఎస్‌ఐ దాకా వెళ్తుంది. టైరులో గాలికి నలభై రెట్లనుకోండి. అంత ఒత్తిడిలో ఆయిల్‌లోకి గాలి బుడగ దూరితే పంపు మూలగడం మొదలుపెడుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఇంజిన్ దగ్గర నుంచి "ఊఁ..." అని సాగే చప్పుడు, తిప్పడం ఆపితే తగ్గడం. అప్పుడు డబ్బా మూత తీసి చూడండి. ఆయిల్ మార్కు కన్నా కిందికి దిగి ఉంటుంది, లేదా చిలికిన మజ్జిగలా నురగ కట్టి ఉంటుంది. మట్టం సరిగ్గా ఉండి నురగ వస్తుంటే డబ్బా నుంచి పంపుకి వెళ్లే రబ్బరు పైపు దగ్గర గాలి పీలుస్తోంది. అక్కడ ఆయిల్ బయటికి కారదు కాబట్టి లీకేజీ వెతికేవాళ్లకి దొరకదు. క్లిప్పు బిగించడంతోనో, మూరెడు పైపు మార్చడంతోనో తీరే సమస్యకి కొత్త పంపు వేయించుకున్నవాళ్లు ఉన్నారు.

కీచుమనే చప్పుడు వేరు. అది బెల్టుది. ఫుల్ కట్ కొట్టినప్పుడు, వానలో తడిసినప్పుడు, పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది. బెల్టు జారుతున్నంతసేపూ పంపు సరిగ్గా తిరగదు కాబట్టి స్టీరింగ్ కూడా ఒక క్షణం బరువై, మళ్లీ తేలికై, చేతిలో కుదుపులా తెలుస్తుంది. బెల్టు లోపలి వైపు పగుళ్లున్నా, అద్దంలా మెరుస్తున్నా మార్చేయాలి. దాన్ని బిగించే పుల్లీని కూడా అప్పుడే చేత్తో తిప్పి చూడమనండి.

ఇక కారడం. ఆయిల్ తగ్గుతోందంటే ఎక్కడికో పోతోంది. ఇంజిన్ ఆయిల్‌లా ఇది కాలి తగ్గదు. నెలకోసారి డబ్బాలో పోసుకుంటూ ఏడాది గడిపేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంటలు లేవొచ్చు కాబట్టి అది వాయిదా వేసే విషయం కాదు. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిస్తే పొద్దున్నకి చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. చాలా బండ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ ఎర్రగా, పల్చగా ఉంటుంది. చుక్క ఇంజిన్ పక్కన పడితే ఎక్కువగా ప్రెషర్ పైపు అతుకు దగ్గర లీకు. చక్రాల వైపు పడితే రాక్‌కి రెండు చివర్లా అకార్డియన్‌లా మడతలు పడి ఉండే రబ్బరు తొడుగుని పిసికి చూడండి. లోపల ఆయిల్ నిండి మెత్తగా తగిలితే రాక్ సీళ్లు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) పోయినట్టే.

ఆ తొడుగు గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే రాక్ చావు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. రబ్బరు చిన్నగా చిరుగుతుంది. వానాకాలంలో బురదనీళ్లు లోపలికి వెళ్తాయి. నున్నగా మెరిసే రాక్ షాఫ్ట్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ గరుకు సీలుని రంపంలా కోస్తుంది. చిరిగిన రోజే మారిస్తే కొన్ని వందలతో పోయే పని ఆర్నెల్ల తర్వాత వేలల్లోకి వెళ్తుంది. సర్వీసుకిచ్చినప్పుడు బండి లిఫ్ట్ మీద ఉండగా ఆ రెండు తొడుగులూ ఒకసారి చూపించమని అడగండి. ఎవరూ కాదనరు.

ఏ ఆయిల్ పోయాలన్నది మూత మీదో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. కొన్ని బండ్లు ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి వాడే ఏటీఎఫ్ అనే ఆయిల్ తీసుకుంటాయి, కొన్నింటికి ప్రత్యేకమైన ఆకుపచ్చ రకం కావాలి. ఎర్రదాంట్లో పచ్చది కలపొద్దు. బ్రేక్ ఆయిల్ అసలే పోయొద్దు, సీళ్లని ఉబ్బించి పాడుచేస్తుంది. తొందరలో పక్కపక్క డబ్బాలు తారుమారవడం షెడ్డుల్లో జరిగేదే. ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తుంటే పెద్ద సిరంజితో డబ్బాలోది లాగేసి కొత్తది పోయడం, వారం తిరిగాక మళ్లీ అలాగే చేయడం తక్కువ ఖర్చు పద్ధతి. పైపులు విప్పిన ప్రతిసారీ గాలి తీయాలి. చక్రాలు ఎత్తి, ఇంజిన్ ఆపే ఉంచి, ఈ చివర నుంచి ఆ చివరకి నింపాదిగా పదిహేను ఇరవై సార్లు తిప్పుతూ, దిగిన ఆయిల్‌ని నింపుతూ పోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ తిప్పడం ఆ తర్వాతే. మొదట్లోనే ఇంజిన్ ఆన్ చేసేస్తే గాలి బుడగలు చితికి ఆయిల్ అంతా నురగవుతుంది, ఇక అది తేరుకోవడానికి గంటలు పడుతుంది.

లీకు ఆపే మందు అని సీసాల్లో అమ్మేది సీళ్లని కాస్త ఉబ్బిస్తుంది, అంతే. బండి అమ్మేసే ముందు పోసేవాళ్లు ఎక్కువ. మీరు సెకండ్ హ్యాండ్ కొంటున్నట్టయితే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఫుల్ కట్ కొట్టి అలాగే పట్టుకుని కూర్చోవడం ఈ రకానికి మంచిది కాదు. చివరికి చేరాక ఆయిల్‌కి పోయే దారి ఉండదు, పంపు తన గరిష్ఠ ఒత్తిడిలో ఉండిపోతుంది, ఆయిల్ సెకన్లలో కాగిపోతుంది. చివరి దాకా తిప్పి ఒక వేలెడు వెనక్కి వదిలితే చాలు.

కరెంటు రకం: మోటారు కన్నా ముందు బ్యాటరీ

ఇప్పుడు నా కారు సంగతి. 38 వేల కాగితం జేబులో పెట్టుకుని, ఇంకో మాట అడుగుదామని మా బజారు చివర ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లుగా బండ్ల కరెంటు పనే చేస్తున్నాడు. ఆయన బోనెట్ కూడా ఎత్తకుండా మొదట అడిగింది, "తిప్పినప్పుడు హెడ్‌లైట్లు ఏమైనా తగ్గుతున్నాయా బాబూ?" అని. అప్పుడు గుర్తొచ్చింది. సెల్లార్ గోడ మీద పడే వెలుతురు నేను కట్ కొట్టినప్పుడల్లా మసకబారుతోంది. రోజూ చూస్తున్నాను గానీ దానికీ దీనికీ ముడిపెట్టలేదు. సెల్ఫ్ ఒక్క దెబ్బకి అందుకుంటోంది కాబట్టి బ్యాటరీ వైపు ఎవరి దృష్టీ పోలేదు.

ఆయన మీటరు తీసి ఒక వైరు బ్యాటరీ మైనస్ బుడిపె మీద, ఇంకోటి బండి బాడీ ఇనుము మీద పెట్టాడు. రెండూ ఒకే ఎర్త్ కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపించాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి నన్ను స్టీరింగ్ తిప్పమన్నాడు. అంకె ఒక్కసారిగా నాలుగు వోల్టుల దగ్గరికి ఎగిరింది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు దగ్గర తెల్లగా, పచ్చగా పొడి కట్టి ఉంది. నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించాడు, వేడిగా తగిలింది. స్టార్టర్‌కి వెళ్లే ఎర్త్ ఇంజిన్ మీదికి వేరుగా ఉంది, అది బాగుంది, అందుకే సెల్ఫ్‌కి ఇబ్బంది లేదు. స్టీరింగ్ మోటారుకి తిరిగొచ్చే కరెంటు మాత్రం ఈ తుప్పు గుండా రావాలి. బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది, వైరు చివర కొత్త లగ్ (బోల్టుకి బిగించే లోహపు కొన) వేసి 350 రూపాయలు తీసుకున్నాడు. పసుపు దీపం ఆరిపోయింది. ఇప్పటికీ వెలగలేదు.

ఇదేమీ అదృష్టం కాదు. పార్కింగ్‌లో తిప్పేటప్పుడు ఈ మోటారు లాగే కరెంటు ఒక్కోసారి 60, 70 ఆంపియర్ల దాకా వెళ్తుంది. స్టార్టర్‌ని పక్కన పెడితే కారులో అంత కరెంటు ఒక్క ఉదుటున తాగేది ఇంకోటి దొరకడం కష్టం. వోల్టేజి పడిపోతే స్టీరింగ్ కంప్యూటర్ తనని తాను కాపాడుకోవడానికి సాయం ఆపేసి దీపం వెలిగిస్తుంది. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5కి పైన చూపించాలి. బ్యాటరీ దీపం, స్టీరింగ్ దీపం రెండూ కలిసి వెలిగితే స్టీరింగ్‌ని వదిలేసి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని చూడండి. బ్యాటరీ తీసి పెట్టాకో, జంప్ స్టార్ట్ చేశాకో దీపం వెలిగితే కంగారు పడక్కర్లేదు. చాలా కార్లలో స్టీరింగ్ మధ్య ఎక్కడుందో మళ్లీ నేర్చుకోవాలి, కొంచెం దూరం తిన్నగా నడిపితేనో, రెండు చివరలకీ ఒకసారి తిప్పితేనో ఆరిపోతుంది. కొన్నింటికి కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్‌తో చెప్పాలి.

ఎండాకాలంలో ఇరుకు సందులో పదిసార్లు ముందుకీ వెనక్కీ కట్లు కొడితే స్టీరింగ్ మెల్లగా బరువవుతుంది. అది జబ్బు కాదు, మోటారు వేడెక్కి సాయం తగ్గించుకుంది. కాసేపు వదిలేస్తే మామూలవుతుంది. అలాగే హైవే మీద 100 దాటాక స్టీరింగ్ కాస్త గట్టిపడడం కూడా కావాలని పెట్టిందే.

నిజంగా మోటారో, సెన్సరో పోయినప్పుడు లక్షణాలు వేరుగా ఉంటాయి. ఒక పక్కకి తేలిక, ఇంకో పక్కకి బరువు. లేదా తిన్నని రోడ్డు మీద చెయ్యి వదిలితే తనంతట తానే ఒక పక్కకి తిప్పబోవడం. ఈ రెండోది మెలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెబుతోందనడానికి గుర్తు కావచ్చు. అలా చేస్తున్న బండిని హైవే ఎక్కించొద్దు. ఆన్‌లైన్‌లో కొన్న చవక స్కానర్‌తో ఇది దొరకదు, వాటిలో ఎక్కువ భాగం ఇంజిన్ లోపాలని సూచించే కోడ్లనే చదువుతాయి. స్టీరింగ్ కోడ్లు సాధారణంగా 'సీ' అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదవగలిగే స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. వెళ్లాక కోడు నంబరు కాగితం మీద రాసిమ్మని అడగండి. "స్కానింగ్‌లో కాలమ్ అని వచ్చింది సార్" అన్నది సమాధానం కాదు. తక్కువ వోల్టేజి అని చెప్పే కోడుకీ, సెన్సర్ పోయిందని చెప్పే కోడుకీ మధ్య తేడా వేల రూపాయలు.

ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. వైర్లు కొరికిన బండికి స్టీరింగ్ దీపం ఒక్కటే కాదు, నాలుగైదు దీపాలు కలిసి వెలుగుతాయి. నీళ్లు మాత్రం నిదానంగా చంపుతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. చాలా చిన్న కార్లలో స్టీరింగ్ మోటారు, దాని కంప్యూటర్ డాష్‌బోర్డు కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటాయి. సీటు దాకా మునిగిన బండిని ఆరబెట్టి స్టార్ట్ చేస్తే ఆ రోజుకి పనిచేయొచ్చు. కనెక్టర్ల లోపల పచ్చటి తుప్పు పట్టి, నెలల తర్వాత ఏ మలుపులోనో సాయం ఆగిపోవచ్చు. తక్కువ ధరకి వస్తోందని అలాంటి బండి కొనేటప్పుడు డాష్‌బోర్డు కింద తల పెట్టి ప్లగ్గుల మొదళ్లు చూడండి, సీటు పట్టాల కింద మట్టి గీతలు చూడండి.

గతుకుల మీద స్టీరింగ్‌లో 'టక్ టక్' మంటుంటే అది పవర్ గొడవ కాకపోవచ్చు. రాక్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్, రాక్ బుష్ వరుసగా చూడాలి. కరెంటు రకంలో మోటారు దగ్గర ఉండే చిన్న రబ్బరు కప్లింగ్ పొడిపొడి అయినా ఆ చప్పుడే వస్తుంది. 80 దాటాక స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్. బండి ఒక పక్కకి లాగితే టైర్లు, అలైన్‌మెంట్, పట్టేసిన బ్రేకు.

రోడ్డు మీద పోతే

నడుస్తుండగా సాయం ఆగిపోతే మొదటి క్షణం భయపడడం సహజం. స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. వేగంలో ఉన్నప్పుడు అది అంత బరువుండదు, వేగం తగ్గేకొద్దీ బరువెక్కుతుంది. అందుకే మలుపు మధ్యలో ఒక్కసారిగా బ్రేకు తొక్కి ఆపేయకండి, మలుపు పూర్తిచేసి ఎడమ పక్కకి తీసుకోండి. హజార్డ్ లైట్లు వేయండి. ఇంజిన్ ఆపకండి. ఆపితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు కూడా రాయిలా అవుతుంది. తాళం బయటికి లాగితే స్టీరింగ్ నిజంగానే లాక్ అవుతుంది. ఒకవేళ ఇంజినే ఆగిపోవడం వల్ల స్టీరింగ్ బరువై ఉంటే న్యూట్రల్‌కి తెచ్చి మళ్లీ స్టార్ట్ చేయండి.

పక్కకి ఆగాక మీటర్ల వైపు చూడండి. ఆయిల్ రకం బండిలో స్టీరింగ్ బరువవడంతోపాటే బ్యాటరీ దీపం వెలిగి, వేడి ముల్లు పైకి పోతుంటే బెల్టు తెగిందని అర్థం. చాలా ఇంజిన్లలో ఆ ఒక్క బెల్టే పవర్ పంపునీ, ఆల్టర్నేటర్‌నీ, నీళ్ల పంపునీ తిప్పుతుంది. ఇక ఒక్క కిలోమీటరు కూడా లాగకుండా అక్కడే ఇంజిన్ ఆపి టోయింగ్ పిలవండి. స్టీరింగ్ కోసం ఆలోచిస్తూ ఇంజిన్ హెడ్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. కరెంటు రకంలో పసుపు దీపం ఒక్కటే ఉంటే ఇంజిన్ ఆపి, ఐదు నిమిషాలాగి స్టార్ట్ చేసి చూడండి. వేడికో, క్షణికంగా పడిన వోల్టేజికో అయితే మామూలైపోతుంది. కాకపోతే తక్కువ వేగంలో, రద్దీ లేని దారిలో ఇంటికో షెడ్డుకో చేరొచ్చు, చేతుల్లో బలముంటే. స్టీరింగ్ ఒకచోట పూర్తిగా పట్టేసి కదలకపోతే మాత్రం సాయం పోయిందని సరిపెట్టుకోవద్దు, ఇనుప సామానులో ఏదో విరిగిందో ఇరుక్కుందో. ఆ బండి క్రేన్ మీదే వెళ్లాలి.

మెకానిక్‌కి "స్టీరింగ్ టైట్‌గా ఉంది" అని చెబితే ఆయనకి తెలిసేది తక్కువ. పొద్దున మొదట్లోనా, వేడెక్కాకా? ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఒక పక్కకా, రెండు పక్కలకా? దీపం ఉందా, చప్పుడు ఉందా? ఈ నాలుగూ చెబితే సగం వెతుకులాట తగ్గుతుంది. రాక్ మార్చాల్సిందే అంటే ఆయిల్ రకానికి సీల్ కిట్ వేసి బాగుచేసే అవకాశం ఉందేమో అడగండి, షాఫ్ట్ మీద తుప్పు గుంటలు లేకపోతేనే అది నిలుస్తుంది. కరెంటు రకం కాలమ్‌ని సెకండ్ హ్యాండ్‌లో తెస్తామంటే బండికి సరిపోయేలా ప్రోగ్రామ్ చేసి ఇస్తారా అని ముందే తేల్చుకోండి. రాక్ గానీ టై రాడ్ గానీ విప్పాక అలైన్‌మెంట్ చేయించకుండా బండి తీసుకోకండి. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా నిలబడితే ఆ మూలనుంచే వెనక్కి తిప్పి మళ్లీ వాళ్లకే ఇవ్వండి.